డాక్టరమ్మ చావలేదు

పోయినవారం నేను ఫోను పెట్టేసి వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డ దగ్గర ఆగాం. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. మా ఆయన రాకెట్ల కథలు రాస్తారు. ఆయన చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని ఇరవై ఆరేళ్లుగా ఆయన రాసిన ప్రతి కాగితాన్నీ నేను గుండ్రటి అక్షరాల్లో తిరగరాసి, ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ వారపత్రిక వాళ్లకు ఇస్తున్నాను. తిరగరాస్తూ అక్కడక్కడ మారుస్తున్నాను కూడా. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలియకపోవడంలో నా తెలివేమీ లేదు. తన రచన అచ్చయ్యాక చదవకూడదని ఆయన ఒక నియమం పెట్టుకున్నారు.

"అచ్చయినదాన్ని మళ్లీ చదవడమంటే, కాపరానికి పంపిన కూతురింటికి వెళ్లి గిన్నెల మీద మూతలు తీసి చూడటమే," అంటారు. సభల్లో ఈ మాటకు చప్పట్లు కూడా కొడతారు. పత్రిక వాళ్లు పోస్టులో పంపే కాపీని, చుట్టిన కాగితమైనా విప్పకుండా నా చేతికిస్తారు. నేను దాన్ని బీరువా కింది అరలో, నా పాత చీరల కింద పెడతాను.

ఇప్పుడు నడుస్తున్న సీరియల్లో ఓ అంతరిక్ష నౌక. నూట పన్నెండేళ్ల ప్రయాణం, నలభై మంది జనం, ఒక కెప్టెన్, ఒక డాక్టరమ్మ. తొమ్మిదో వారంలో మా ఆయన ఆ డాక్టరమ్మను చంపేశారు. నౌక బయట పనిచేస్తున్న మెకానిక్ చెయ్యి విరిగితే, ఆమె వెళ్లి అతన్ని లోపలికి తోసి తాను బయట ఉండిపోతుంది. మళ్లీ తలుపు తీస్తే లోపలున్న గాలంతా పోతుందని కెప్టెన్ తీయడు. ఆ మంగళవారం కాగితాలు నా చేతికిస్తూ, "ఈ భాగం చదివినవాళ్లకు అన్నం సయించదు," అని మా ఆయన చేతులు రుద్దుకున్నారు. ముందు నాకే సయించలేదు. బుధవారం సాయంత్రం తిరగరాయడానికి కూర్చుంటే, ఆ తలుపు దగ్గర కలం ఆగిపోయింది. నాలుగు వాక్యాలు మార్చాను. కెప్టెన్ తలుపు తీశాడు.

బతికించడానికి నాలుగు వాక్యాలు చాలాయి. తర్వాత పద్నాలుగు వారాలు ఆమెను పోషించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన కథలో ఆమె లేదు, నా ప్రతిలో ఉంది. ప్రతి వారం ఆయన వేరేవాళ్లకిచ్చిన పని లాక్కుని ఆమెకివ్వాలి, వాళ్లన్న మాట ఆమె చేత అనిపించాలి. ఎలాగో ఒడ్డున పడుతున్నాననుకునేసరికి ఆయన ఆఖరి భాగం ఇచ్చారు. అందులో అందరూ కొత్త గ్రహం మీద దిగి, ఆ గ్రహానికి చచ్చిపోయిన డాక్టరమ్మ పేరు పెడతారు. "ఆ తలుపు తీయనిది నేనే," అని కెప్టెన్ మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తాడు. భాగం మొత్తం ఆమె చావు మీదే నిలబడి ఉంది. నాలుగు వాక్యాలతో సర్దుకునే యవ్వారం కాదు. గురువారం నేను ప్రతి ఇవ్వలేదు. ఎడిటరు గారు ఫోను చేసి, శుక్రవారం పదకొండింటికి తానే ఇంటికొస్తున్నానని చెప్పారు. నేను పెట్టేసింది ఆ ఫోనే.

డాక్టరమ్మ గుట్టు బయటపడితే పడుతుంది, నాలుగు తిట్లు తింటాను. నా భయం దాని గురించి కాదు. దాని వెనకే ఇంకొకటి ఉంది. మా వీధికి మూడో వీధిలో మా ఆయన చిన్ననాటి స్నేహితుడు ఉంటారు. పేరుకు లెక్కల మాష్టారే గానీ, అద్దాలు తానే అరగదీసుకుని దుర్భిణి తయారుచేసుకున్నారు కనుక అందరూ దుర్భిణి మాష్టారనే అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆయనా ఈయనా మాట్లాడుకోరు. ఆ మాటలు ఆగిపోవడానికి కారణం నేను. ఆ సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదని అనుకుంటూ వచ్చాను.

శుక్రవారం సెలవు పెట్టాను. వాతావరణ కేంద్రంలో నా బదులు గాలి ఒత్తిడి చూసేవాళ్లకు తీగలూ సూదులూ అప్పగించి, ఇంట్లో గాలివాన కోసం కూర్చున్నాను. ముందు మా ఆయన్ని బయటికి పంపాలి. ఎడిటరు గారు వచ్చేసరికి ఆయన ఇంట్లో లేకపోతే, ఎలాగో బతిమాలుకుని ఓ వారం గడువు తీసుకోవచ్చు.

"క్షవరం చేయించుకు రండి," అన్నాను తొమ్మిదింటికి.

"ముగింపు రాసిన వారం జుట్టు ముట్టుకోనని తెలుసుగా."

"అయితే కళ్లజోడు కాడ వదులైందన్నారు. బిగించుకు రండి."

"నన్ను ఇంట్లోంచి తరుముతున్నావా ఏమిటి?"

"తరిమితే పోయే మనిషైతే ఇరవై ఆరేళ్లు ఎందుకాగుతాను?"

ఆయన గట్టిగా నవ్వారు. నేను విసుక్కున్నప్పుడల్లా ఈ మనిషికి అదొక హాస్యం. నా జీవితంలో నిజంగా అన్న మాటల్లో సగం ఇలా నవ్వుల్లోనే కొట్టుకుపోయాయి. పైగా నిన్నటి ఫోను మాట ఆయన చెవినా కొంత పడినట్టుంది, వెళ్లి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు గదిలో కూర్చున్నారు.

"ఎడిటరు స్వయంగా ఇంటికొస్తున్నాడంటే ఊరికే కాదు. కొత్త సీరియల్ అడగడానికే. ఈసారి శుక్రగ్రహం ఇద్దామనుకుంటున్నాను," అన్నారు.

"శుక్రుడి మీద వేడికి సీసం కరుగుతుంది. అక్కడ ఎవరిచేతా పొలం దున్నించకండి," అన్నాను.

"కథకు నువ్వు వేడి కొలవకు."

సరిగ్గా పదకొండింటికి గేటు చప్పుడైంది. ఎడిటరు గారు మనిషి సన్నం, చేతిలో సంచి లావు. ఎండలో నడిచొచ్చారేమో, చొక్కా వీపుకు అంటుకుపోయింది. నన్ను చూడగానే, "అమ్మా, ఆఖరి భాగం ఇంకా..." అని మొదలుపెట్టారు. "ముందు లోపలికి రండి, మంచినీళ్లు తాగండి," అని అడ్డుపడ్డాను. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చేలోపే ఆయన సంచిని బల్ల మీద గుమ్మరించేశారు. కార్డులు, కవర్లు, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు. కొన్ని జారి కింద పడ్డాయి.

"గురువుగారూ, నా సర్వీసులో ఒక సీరియల్‌కు ఇన్ని ఉత్తరాలు చూడలేదు. ఇవి ఈ వారానివి మాత్రమే. ఆఫీసులో ఇంకో మూడు సంచులున్నాయి."

మా ఆయన ముఖం వెలిగింది గానీ, వెలగనట్టు కూర్చున్నారు. ఒక కార్డు అందుకుని, ఏదో మొహమాటానికి చదువుతున్నట్టు పైకి చదివారు.

"'అయ్యా, పన్నెండో వారంలో డాక్టరమ్మ కెప్టెన్‌ను నిలబెట్టి దులిపినప్పుడు మా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. ఆఖరి వారంలో ఆమెకు ఏమైనా అయిందా, మా కాలనీ ఆడవాళ్లమంతా మీ ఇంటి ముందు కూర్చుంటాం.'"

కార్డు తిప్పి వెనక చూశారు. మళ్లీ ముందు చూశారు. తర్వాత పకపకా నవ్వారు.

"చూశారా ఎడిటరు గారూ! నేనెప్పుడూ చెప్పేదే. మన జనానికి చదవడం రాదు. తొమ్మిదో వారంలో చచ్చిన మనిషి పన్నెండో వారంలో వచ్చి ఎలా దులుపుతుంది?"

ఇది ఆయనకు పాత పాట. ఏ సభకు వెళ్లినా ఎవరో ఒకరు ఏదో ఒక ఘట్టాన్ని మెచ్చుకుంటారు, అది ఆయన రాసింది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, "పుస్తకం మూసి పొగుడుతారు వెధవలు," అని రెండు రోజులు చిరచిరలాడతారు. ఆ చిరచిర వింటూ నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటాను. ఇరవై ఆరేళ్లలో అవసరమైన దానికన్నా చాలా ఎక్కువసార్లే తోమాను.

ఎడిటరు గారు కూడా మర్యాదకు నవ్వి, ఆ హాస్యం ఎప్పుడైపోతుందా అని ఎదురుచూశారు. అది అయిపోలేదు.

"చచ్చిన మనిషంటే ఎవరు గురువుగారూ?"

"డాక్టరమ్మ."

"మన డాక్టరమ్మా?"

"ఇంకెంతమంది డాక్టరమ్మలున్నారు నా నౌకలో? అంటే, ఎడిటర్లు కూడా చదవడం మానేశారన్నమాట."

ఎడిటరు గారి చెవులు ఎర్రబడటం నేను తలుపు దగ్గర్నుంచి చూశాను. "గురువుగారూ, మీ సీరియల్ ప్రతి వారం మూడుసార్లు చదివి అచ్చుకిస్తాను. ఒకసారి పాఠకుడిలా, ఒకసారి ఎడిటరులా, ఒకసారి తప్పుల కోసం. నన్ను ఇంకేమన్నా అనండి. ఆ మాట మాత్రం అనకండి," అని సంచి అడుగునుంచి ఈ వారం పత్రిక తీసి, పేజీ తెరిచి ఆయన ముందు పెట్టారు.

మా ఆయన వేడి గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "నేను చదవను. మీకు తెలుసు."

"అయితే వినండి." ఎడిటరు గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "'కెప్టెన్, నువ్వు రోజూ నక్షత్రాలు చూస్తావు. నేను రోజూ నాలుకలు చూస్తాను. ఈ నౌకలో నలభై నాలుకలు తెల్లగా ఉన్నాయి. ముందు నీళ్ల సంగతి చూడు. నక్షత్రాలు ఎక్కడికీ పోవు.' అన్నది డాక్టరమ్మ."

మా ఆయన పెదవులు కదిలాయి. ఆ ఘట్టం తన కాగితంలో ఎలా ఉందో లోపల చదువుకుంటున్నారని నాకు తెలుసు. అక్కడ నీళ్లు పాడయ్యాయని ఇంజనీరు ఒకే ఒక్క వాక్యంలో చెబుతాడు, కెప్టెన్ తల ఊపుతాడు.

"ఇది నాది కాదు," అన్నారు చివరికి.

"రాతప్రతి మీ ఇంటినుంచే వచ్చింది." అంటూనే ఎడిటరు గారు ఆగారు. మెల్లగా నా వైపు తిరిగారు. నా చేతుల్లో ఏమీ లేదు, అయినా చీర కొంగుకు తుడుచుకుంటున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"అమ్మా, ఆ చేతిరాత మీదేగా?"

"నాదే."

"ఈ మాటలు?"

"అవీ నావే."

ఎడిటరు గారు వంగి కిందపడ్డ ఉత్తరాలు ఏరి బల్ల మీద దొంతరగా పెట్టారు. లేచి నిలబడ్డాక మాత్రం ఆయన ఓపిక కూడా తెగిపోయింది. "చూడండి, ఇది మీ ఇంటి గొడవ. నాకు సోమవారం మధ్యాహ్నానికి నాలుగు పేజీలు కావాలి. మీరే రాస్తారో, అమ్మే రాస్తారో, ఇద్దరూ చెరో చెయ్యి వేస్తారో నాకు అనవసరం. ఆ డాక్టరమ్మ మాత్రం నా పత్రికలో బతికే ఉంది. ఆమెను మళ్లీ చంపాలంటే, ఆ ఉత్తరాలు రాసినవాళ్లందరికీ మీరే జవాబులు రాయండి," అని గేటు తీసుకుని వెళ్లిపోయారు. మంచినీళ్లు కూడా తాగలేదు.

మా ఆయన అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరుపుకు జవాబులు నేను ఏళ్లుగా దాచుకుని ఉంచాను.

"ఎప్పటి నుంచి?" అని మాత్రం అడిగారు.

"తొమ్మిదో వారం నుంచి," అన్నాను. ఆయన డాక్టరమ్మ గురించే అడిగారనుకుని చెప్పిన జవాబు అది. అలా అనుకోవడం నాకు అనుకూలం కనుక అలా అనుకున్నాను.

"పత్రికలెక్కడ?"

బీరువా తెరిచి చీరలు పక్కకు తోసి పదిహేను సంచికలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన మొదటిదానికి చుట్టిన కాగితం విప్పారు. ఇరవై ఆరేళ్ల నియమం ఆ ఒక్క చింపుడుతో పోయింది.

పన్నెండింటి నుంచి మూడింటిదాకా చదివారు. అన్నం పెట్టి పిలిస్తే రాలేదు. నేను ఇల్లు ఊడ్చాను, ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను. కిటికీ ఊచలు తుడిచాను. చెవులు మాత్రం ముందు గదిలోనే ఉన్నాయి. ఒకచోట ఆయన నవ్వారు. ఎక్కడ నవ్వారో చూద్దామని వెళ్తే, చేతిలో పెన్సిలుంది.

"ఏం చేస్తున్నారు?"

"ఇక్కడ ఒకే వాక్యంలో 'అప్పుడు' రెండుసార్లు వచ్చింది. దిద్దుతున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను మీ కథలో దొంగతనం చేశానని తెలిసి మూడు గంటలైంది. తిట్టండి, కొట్టండి, విసిరేయండి. 'అప్పుడు' దిద్దుతారేమిటండీ!"

"తిడతాను. ముందు చదవడం కానీ," అన్నారు. ఇంకో పేజీ తిప్పి, "ఈ డాక్టరమ్మ అచ్చం నీలాగే మాట్లాడుతోంది. నా నౌకలో నువ్వెప్పుడు ఎక్కావు?" అన్నారు. ఆ మాటలో కోపముందో, ఇంకేముందో నాకు అంతుపట్టలేదు.

మూడింటికి ఆఖరి సంచిక మూసి కళ్లజోడు తీశారు. "ఇప్పుడు చెప్పు. ఎందుకు చేశావు?"

"ఆమె చావాల్సిన అవసరం లేదు కనుక. తలుపు పదకొండు సెకన్లు తీస్తే పోయే గాలి, మీ యంత్రం గంటన్నరలో మళ్లీ నింపుతుంది. ఆ యంత్రం ఎంత గాలి చేస్తుందో ఆరో వారంలో మీరే రాశారు. నేను లెక్క కట్టి చూశాను. పొద్దున్నుంచీ సాయంత్రందాకా గాలి లెక్కలు చూసుకుని బతికేదాన్ని నేను. గాలి చాలదని నా కళ్ల ముందు ఒక మనిషిని చంపేస్తే ఎలా ఊరుకుంటాను?"

"లెక్క తప్పితే నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పాను! మొదటి కథకే చెప్పాను. చంద్రుడి మీద జెండా రెపరెపలాడిందని రాశారు. అక్కడ గాలుండదండీ అన్నాను. 'కథకు నువ్వు గాలి కొలవకు' అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఎన్నిసార్లు ఊదను? ఆ రోజే జెండాను ఊరికే కర్రకు వేలాడదీసి పంపాను. అప్పటి నుంచీ మీకు చెప్పడం మానేసి..."

నోరు మూసుకున్నాను. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

"అప్పటి నుంచీ?" అన్నారాయన. ప్రతి అక్షరం విడివిడిగా పలికారు. "తొమ్మిదో వారం నుంచి అన్నావు పొద్దున."

నేను బల్ల మీది సంచికలు దొంతర పెట్టడం మొదలుపెట్టాను.

"కంచే చేను మేసిందన్నమాట ఇరవై ఆరేళ్లూ."

"మేయలేదు. నీళ్లు పెట్టాను," అన్నాను.

"ఇంకా ఏమేం మార్చావు? జెండా ఒకటి, డాక్టరమ్మ ఒకటి. మిగతావి చెప్పు."

ఇక్కడ ఆగొచ్చు. అంకెలు సరిదిద్దాను, ఒకటి రెండు మాటలు కలిపాను అంటే సరిపోయేది. ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉండి, అయిదో రోజు శుక్రగ్రహం మీద పొలం దున్నించడానికి కూర్చునేవారు. చెప్పకుండా పంతొమ్మిదేళ్లు నెట్టుకొచ్చినదాన్ని, ఇంకో పంతొమ్మిదేళ్లు నెట్టలేనా? కానీ బల్ల మీద అన్ని ఉత్తరాలున్నాయి. సరిగ్గా చదివినందుకు ఆయన చేత వెధవలనిపించుకున్న వాళ్లందరి ఉత్తరాలు. వాళ్లందరికన్నా ముందు, ఆ మాట పడ్డ మనిషి ఒకరున్నారు.

"ఒంటరి యంత్రం కథ గుర్తుందా?" అన్నాను.

గుర్తులేకపోవడమేమిటి, ఆయనకు పేరు తెచ్చిందే ఆ కథ. దిక్కులేని ఓ చందమామ మీద మనుషులు వదిలేసి వెళ్లిన యంత్రం, ఎవరైనా వింటున్నారా అని ఏళ్ల తరబడి సంకేతాలు పంపుతూనే ఉంటుంది.

"బ్యాటరీ అయిపోతుంది. జవాబు రాదు. చీకటి," అన్నారాయన. "అది నా ముగింపు. దానికేం?"

"నేను ఒక మాట కలిపాను. బ్యాటరీ అయిపోయే ముందు అవతలి నుంచి ఒక జవాబు వస్తుంది. 'విన్నాం' అని. అంతే. ఆ ఒక్క మాటే."

నాకు ఆ రోజు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. దుర్భిణి మాష్టారు పత్రిక చేత్తో పట్టుకుని గేటు దగ్గర్నుంచే అరుచుకుంటూ వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఒరే, ఆ ఆఖరి మాట ఎలా తట్టిందిరా నీకు? ఆ జవాబు వచ్చే చోట నేను ఆగలేకపోయానురా," అన్నారు. మా ఆయన ముఖం గట్టిపడింది. "నా కథలో జవాబు రాదు. చదవకుండా పొగడటానికి నువ్వు కూడా తయారయ్యావా? పో, పోయి చదువుకుని రా," అన్నారు. మాష్టారు పత్రిక చాచి పట్టుకున్నారు, చూడమని. ఈయన తన నియమం కోసం చేతులు వెనక్కి కట్టుకున్నారు. వాళ్లిద్దరూ అలా నిలబడి ఉండగా నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. లోపల పాలు పొంగుతున్నాయి. ఒక్క మాట చెబితే సరిపోయేది. పాలు దించే నెపంతో లోపలికి వెళ్లిపోయాను. బయటికొచ్చేసరికి గేటు ఊగుతోంది.

మా అత్తగారు పోయిన రోజు మాష్టారు వచ్చి గేటు అవతలే నిలబడి, దండం పెట్టుకుని వెళ్లిపోయారు. వీధిలో ఎదురైతే ఒకరు ఈ పక్కకు, ఒకరు ఆ పక్కకు దాటుతారు. ఈయన డాబా మీదికి వెళ్లి నక్షత్రాలు చూడటం ఆ ఏడాదే మానేశారు. నేను ఇవన్నీ చూస్తూనే గుండ్రటి అక్షరాలు రాసుకుంటూ కూర్చున్నాను.

ఇదంతా ఆయనకు చెప్పాను. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. పాల సంగతి కూడా చెప్పాను. చెప్పేశాక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టారు. "అయితే వాడు చదివాడన్నమాట."

"చదివారు."

"ఆఖరిదాకా."

"ఆఖరి మాటదాకా."

"చదవలేదని నేను వాణ్ణి..." అని ఆగిపోయారు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత నా మీద విరుచుకుపడ్డారు, పొద్దున్నుంచీ నేను ఎదురుచూస్తున్న అరుపు అప్పుడొచ్చింది. "నా జెండా మార్చుకో! నా డాక్టరమ్మను బతికించుకో! అంకెలన్నీ దిద్దుకో, నాకేం పోయింది? ఆ ఒక్క రోజు నోరు విప్పడానికి నీకేమైంది? ఒకే ఒక్క స్నేహితుడే నాకు! నక్షత్రమంటే ఏమిటో చూపించినవాడే!"

దాచుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. "భయపడ్డాను," అన్నాను. "నేను మార్చానని తెలిస్తే మళ్లీ నా చేతికి కాగితాలివ్వరని."

ఆయన లేచారు. చొక్కా వేసుకుని బయటికి పోతారేమోననుకున్నాను. పోలేదు. గోడ పక్కనున్న ఫోను దగ్గరికెళ్లి, పుస్తకం చూడకుండా, ఎవర్నీ అడగకుండా అంకెలు తిప్పారు. పంతొమ్మిదేళ్లుగా తిప్పని నంబరు ఆయన వేళ్లకు ఒక్క తడబాటు లేకుండా వచ్చింది. రిసీవరు నా చేతిలో పెట్టారు.

"నువ్వే చెప్పు," అన్నారు. "నాకు చెప్పినట్టే, పాలతో సహా."

అవతల మోగుతోంది. మూడుసార్లు. నాలుగుసార్లు. ఎవరూ ఎత్తకపోతే బాగుండునని ఒకసారి, ఎత్తితే బాగుండునని ఒకసారి అనిపించింది. మా ఆయన వంగి, తన చెవిని రిసీవరుకు దగ్గరగా పెట్టారు. ఆయన ఊపిరి నా చెంపకు తగులుతోంది.

"హలో," అంది ముసలిదైపోయిన గొంతు.

"అన్నయ్యా, నేను," అన్నాను.

అవతల కుర్చీ లాక్కుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత మాష్టారు, పక్కనెవరైనా వింటారేమోనన్నట్టు గొంతు బాగా తగ్గించి అడిగారు.

"చెల్లెమ్మా, ఆ 'విన్నాం' అన్న మాట రాసింది నువ్వేనని వాడికి చెప్పేశావా?"

రిసీవరుకు ఆనించి ఉన్న మా ఆయన చెవి అక్కడే ఉంది.